మగ్గమున్న ఇల్లు

యాదాద్రి భువనగిరి జిల్లాలోని పోచంపల్లి పేరు వినని తెలుగువారు అరుదు. 1951వ సంవత్సరము ఏప్రిల్ 18వ తేదీన వినోబా భావేగారి సమక్షమున వెదిరె రామచంద్రారెడ్డిగారు నూరెకరముల భూమిని దానము చేసిన గ్రామమది. భూదానోద్యమము అచ్చటనే పుట్టెను. ఆ యూరికి మరియొక ప్రసిద్ధియు కలదు. నూలును ముందుగనే అక్కడక్కడ బిగించి కట్టి, రంగులలో ముంచి, ఆ మీదట నేయు చీరలు అచ్చట తయారగును. ఇప్పుడు వానిని ఇక్కత్ చీరలనుచున్నారు. పాత తరమువారు ఆ పనిని చిటికి అనెడివారు. ఆ చీరల అందమును గూర్చి చెప్పువారు పెక్కుమంది కలరు. ఈ పాఠమున మనము చూడవలసినది చీరను గాదు. ఆ చీర పుట్టిన ఇంటిని.

ఉద్యోగి యింటికి పోయినచో ముందు గదిలో కుర్చీలు కనబడును. నేతగాని యింట ముందు గదిలో మగ్గము కనబడును. వచ్చిన బంధువు మగ్గము ప్రక్కన పరచిన చాపమీద కూర్చుండవలసినదే. నేలలో నడుములోతు గుంట త్రవ్వి, దానిపై మగ్గమును నిలుపుదురు. నేతగాడు గుంట యంచున కూర్చుండి, కాళ్ళు లోనికి జారవిడిచి, అడుగున నున్న కర్రలను త్రొక్కుచు నేయును. ఇది గుంటమగ్గము. మంగళగిరి, చీరాల ప్రాంతములందును ఇట్టివే విస్తారముగ నుండెడివి. నేలలోని చెమ్మవలన నూలు పొడిబారక, పోగులు తరచుగ తెగకుండునని అనుభవజ్ఞులు చెప్పుదురు. కాని ఆ చెమ్మయే వానకాలమున శత్రువగును. గట్టి వాన కురిసి వీధిలోని నీరు ఇంటిలోనికి వచ్చెనా, మొదట నిండునది మగ్గపు గుంట. ఇల్లు తడిసినచో తక్కినవారు ఇంటిని గూర్చి మాత్రమే చింతింతురు. నేతగాడు ఇంటిని, పనిని, ఆ వారపు కూలిని మూటిని గూర్చియు ఒక్కసారే చింతింపవలెను.

పది గంటలకు ఆఫీసునకు పోయి సాయంకాలము తిరిగి వచ్చువానికి రెండు లోకములు కలవు. ఆఫీసు తలుపు మూసినంతనే ఒకటి ముగియును. ఇంటి తలుపు తెరచినంతనే రెండవది మొదలగును. మగ్గమున్న ఇంటికి ఉన్నది ఒకే తలుపు. పసివాడు నిద్రించు ఉయ్యాలకును, పడుగు కట్టిన దూలమునకును మధ్య దూరము నాలుగడుగులు. పొయ్యి మీద అన్నము పొంగుచుండగా రాట్నము తిరుగుచుండును. పండుగనాడు మగ్గమాగును, కాని దాని యెదుటనే పండుగ జరుపుకొనవలెను. ఇంటిలో పెండ్లి వచ్చినచో అతిథులకు చోటు చేయుటకు మగ్గమును విప్పవలసియుండును. విప్పినచో పని పోవును. విప్పకున్న చుట్టములకు చోటు లేదు. పేద నేతకాని యింట ఈ తగవు ఎన్ని తరములనుండి జరుగుచున్నదో!

ఇందులో సుఖము లేకపోలేదు. తండ్రి దినమంతయు బిడ్డల కంటియెదుట నుండును. పైవాని అజమాయిషీ లేదు. ఆలస్యమైనదని కసరువాడు లేడు. కొడుకు బడి నుండి వచ్చి మగ్గము ప్రక్కన కూర్చుండి, నాడె ఎట్లు పోవుచున్నదో చూచుచు చూచుచునే విద్య నేర్చికొనును. ఏ పాఠశాలయు లేకయే ఇంత సూక్ష్మమైన విద్య ఇన్ని తరములు నిలుచుటకు కారణము పనియు ఇల్లును కలిసి యుండుటయే. అయితే బిడ్డ చూచుట ఎప్పుడు మానును, చేయుట ఎప్పుడు మొదలిడును? తండ్రికి కండె అందించుట సహాయమా, పనియా? ఈ ప్రశ్నకు చట్టమే తడబడినది. బాలకార్మిక నిషేధ చట్టమును 2016లో సవరించినప్పుడు, పదునాలుగేండ్లలోపు బాలుర చేత పని చేయించుట నిషేధించుచునే, బడి వేళలు ముగిసిన తరువాతను, సెలవులలోను, ప్రమాదము లేని కుటుంబవృత్తిలో బిడ్డలు తోడ్పడవచ్చునని మినహాయింపు నిచ్చిరి. వృత్తి నిలుచునని కొందరు దానిని మెచ్చుకొనిరి. చదువు చెడునని కొందరు నిరసించిరి. ఎనిమిదవ తరగతి చదువు బాలుడొకడు సాయంకాలము రెండు గంటలు కండెలు చుట్టినచో, అతడు ఆ సమయమున విద్యార్థియా, పనివాడా యని ఇంటిలో నిర్ణయించువారెవరు?

ఇక ఒక చీరకు ముందు జరుగు పనుల నొకపరి తలచుకొందము. చిలపలుగ వచ్చిన నూలును విప్పి రాట్నము మీద చుట్టవలెను. పడుగు తీయవలెను. చిటికి పనికై పేకను ఆసు పోయవలెను. లెక్క ప్రకారము కట్లు కట్టి రంగులద్ది, ఆరబెట్టి, కట్లు విప్పి, మరల కట్టవలెను. నూలు పడుగైనచో వీధిలో బారుగ సాచి, గంజి పెట్టి, కుంచెతో దువ్వవలెను. పాత పడుగు కొసలకు క్రొత్త పడుగు పోగుల నొక్కొక్కటిగ అతుకవలెను. కండెలు చుట్టవలెను. ఇన్నియు అయిన పిమ్మటనే నేతగాడు మగ్గమున కూర్చుండును. ఆతడు నేయుచున్నంతసేపును కండెలు అందుచునే యుండవలెను. కండె ఆగిన మగ్గమాగును.

ఈ పనులలో చాల భాగము స్త్రీలవి. కాని మజూరీ చీరకింతయనియో, పడుగునకింతయనియో నిర్ణయమగును. దానిని పుచ్చుకొనువాడు మగ్గముపై కూర్చుండినవాడు. ఆ యింటి బాలుని బడిలో ఉపాధ్యాయుడు "మీ తల్లిదండ్రులేమి చేయుదురు?" అని యడిగినచో, "నాన్న మగ్గము నేయును, అమ్మ ఇంటిలో నుండును" అని చెప్పును. బాలుడు అబద్ధమాడలేదు. అమ్మ ఇంటిలోనే యున్నది. ఆమె చేయు పనియు ఇంటిలోనే యున్నది. అందుచేతనే అది పనిగ కనబడలేదు.

ఆ పనులన్నిటిలో కఠినమైనది ఆసు. "ఆసులో కండెవలె తిరుగుచున్నాడు" అని మనము తీరికలేనివానిని గూర్చి అందుము గదా! ఆ సామెత పుట్టిన పని ఎట్టిదో చూడుడు. పోచంపల్లి ప్రాంతపు ఆసులో ఒక ప్రక్క ఒక మేకుండును. దాని కెదురుగ, సుమారు ఒక మీటరు దూరమున, అర్ధచంద్రాకారముగ వరుసగా మేకులుండును. చేతిలోని దారమును ఇటునుండి అటునకు, అటునుండి ఇటునకు పోనిచ్చుచు, ఒక్కొక్క మేకునకు తగిలించుచు పోవలెను. ఒక్క చీరకు చేయి సుమారు తొమ్మిదివేల పర్యాయములు ఇట్లు పోయి రావలెను. అందుకు నాలుగైదు గంటలు పట్టును. దినమునకు రెండు చీరల ఆసు పోయునట్టి స్త్రీ చేయి పదునెనిమిదివేల మారులు ఊగును. భుజము నొప్పి, మెడ నొప్పి ఆమెకు నిత్యము. ఈ పని చేసినది ఎవరని యడిగిన, "ఇంటివారే" యందురు. దాని వెల యెంత యని యడిగిన, చీర మజూరీలోనే యున్నదందురు. ఆ మజూరీలో అది యెంత భాగమో ఏ పుస్తకమునను వ్రాయబడలేదు.

స్త్రీలకు మగ్గము పనికిరాదని ఎవరైన వాదింతురేమో! అట్టివారు అస్సాము దేశమును చూడవలెను. అచ్చటి పల్లెలలో మగ్గము స్త్రీలది. వరండాలోనో, ఇంటి ప్రక్క పందిరి క్రిందనో మగ్గముండును. ఇంటి ఆడువారే నేయుదురు. బిహూ పండుగనాడు తాము నేసిన గమోసాను పెద్దలకును, ప్రియమైనవారికిని ఇచ్చుట వారి ఆచారము. 2019-20లో జరిగిన నాలుగవ అఖిల భారత చేనేత గణనములో నేతపనివారిలో నూటికి డెబ్బదిమందికి పైగా స్త్రీలని తేలుటకు ఈశాన్య రాష్ట్రములే ముఖ్య కారణము. అదే నాడె, అదే పన్నె. ఒకచోట పురుషుని ఆసనము, వేరొకచోట స్త్రీ ఆసనము. కావున మగ్గముపై కూర్చుండువానికి గల గౌరవము మగ్గములో లేదు. ఊరి అలవాటులో నున్నది.

ఇంగ్లండులోను ఒకప్పుడు ఇండ్లే కర్మాగారములు. యార్క్‌షైరు, లాంకషైరు సీమలలో నేతగాండ్ర పాత ఇండ్లు నేటికిని కొన్ని నిలిచియున్నవి. మగ్గముమీద వెలుతురు పడుటకై వాని మేడగదులకు వరుసగా కిటికీలుండును. భర్త నేయగా, భార్యయు బిడ్డలును దూది ఏకి, నూలు వడికెడివారు. ఆ భాషలో పెండ్లికాని స్త్రీకి స్పిన్‌స్టర్ అను పేరు వచ్చుటయు రాట్నమువలననే. ఆ మాటకు మొదటి యర్థము నూలు వడుకునది యని. 1771లో రిచర్డ్ ఆర్క్‌రైట్ డెర్బీషైరులోని క్రామ్‌ఫర్డు గ్రామమున నీటి బలముతో నడచు నూలు మిల్లును స్థాపించెను. తరువాత అట్టివి నలుదెసల లేచెను. జనులు గంట మ్రోగగనే ఇల్లు విడిచి పనికి పోజొచ్చిరి. అప్పటినుండి "పని" యనగా ఇంటి వెలుపల జరుగునదియు, జీతము వచ్చునదియు నని అర్థము స్థిరపడెను. ఇంటిలో మిగిలిన పనికి పేరే పోయెను. మిల్లులలో స్త్రీలును, పిల్లలును పడిన బాధలు వేరు కథ. నేను దానిని తక్కువ చేయుటలేదు. కాని మిల్లులో గంటలు లెక్కకు వచ్చెను. లెక్కకు వచ్చినదానికి హద్దు పెట్టవచ్చును. మనదేశమున 1948లో చేసిన ఫ్యాక్టరీల చట్టము పెద్దవారి పనిని దినమునకు 9 గంటలకును, వారమునకు 48 గంటలకును మించరాదనెను. యంత్రశక్తి యున్నచో పదిమంది, లేనిచో ఇరువదిమంది పనివారున్న స్థలమునకే ఆ చట్టము వర్తించునట్లు వ్రాసిరి. ఒక మగ్గము, ఒక సంసారము ఉన్న యింటిలో గంటలు లెక్కించుటకు అధికారి ఎవడును రాలేదు.

అట్లయిన నేతగాడు ఎవరు? యజమానియా, కూలివాడా? ఇల్లతనిది, మగ్గము చాలచోట్ల అతనిదే. పైకి చూచిన స్వతంత్రుడు. కాని నూలు ఇచ్చునది సాహుకారు. నమూనా చెప్పునది అతడు. నేసిన చీరను తీసికొనునది అతడు. చీరలో మచ్చ యున్నచో మజూరీ తగ్గించునది అతడే. ఇంటి అద్దె, దీపపు ఖర్చు, మగ్గపు మరమ్మతు, వానకు తడిసిన గుంట నేతగానివి. సాహుకారు కర్మాగారము కట్టనక్కరలేదు. నేతగాని ఇల్లే అతని కర్మాగారము. ఇంతలో కూతురి పెండ్లి వచ్చును. నేతగాడు సాహుకారు వద్ద ముందుగ కొంత సొమ్ము తెచ్చుకొనును. అది మజూరీలో కొంచెము కొంచెముగ కోతపడుచుండును. బాకీ తీరనిదే వేరొకరికి నేయుటకు వీలులేదు. ఇంటి ఖర్చు పనిలోనికి ప్రవేశించుట యనగా ఇదియే.

అయినను సొంత మగ్గము ఒక గౌరవము. ఊరిలో రెండు మూడు మగ్గములున్న ఇంటికి మర్యాద హెచ్చు. ఇతరుల షెడ్డునకు పోయి నేయువానిని "కూలి మగ్గమువాడు" అని కొంత చులకనగ జూచుట కలదు. ఇద్దరికిని వచ్చు మజూరీ ఒక్కటే కావచ్చును. షెడ్డులో నేయువాడు సాయంకాలము తన ఇంటికి పోయి కాలు చాపుకొని విశ్రమింపవచ్చును. అయినను సమాజము ఇంటిలో నేయువానికే ఎక్కువ పీట వేయును. గౌరవమునకును, సుఖమునకును సంబంధము లేదనుటకు ఇంతకంటె దృష్టాంతమేల?

నేతకు లేని న్యాయము బీడీ చుట్టువారికి కొంత దొరికెను. నిజామాబాదు, కరీంనగరు, జగిత్యాల ప్రాంతములలో వేలకొలది స్త్రీలు ఇంటి వాకిట చేటలు ఒడిలో పెట్టుకొని బీడీలు చుట్టుదురు. ఆకును, తంబాకును తెచ్చుకొని, చుట్టిన బీడీలను లెక్కపెట్టి అప్పగింతురు. "వీరు మా పనివారు కారు, తమ ఇండ్లలో తమ ఇష్టమువచ్చినపుడు చేసికొనువారు" అని యజమానులు వాదించుటకు అవకాశముండెను. 1966లో పార్లమెంటు చేసిన బీడీ, సిగారు కార్మికుల చట్టము, ఇంటిలో బీడీలు చుట్టువారిని గూడ ఉద్యోగులలో చేర్చెను. యజమానులు న్యాయస్థానమున కెక్కిరి. 1974లో సుప్రీంకోర్టు ఆ చట్టము చెల్లునని తీర్పు చెప్పెను. వాకిట కూర్చున్నంత మాత్రమున పని పని గాకపోదని దానివలన స్థిరపడినది. 1996లో అంతర్జాతీయ కార్మిక సంస్థయు ఇంటివద్ద చేయు పనికై ప్రత్యేకముగ ఒక ఒడంబడికను ఆమోదించెను.

2020లో కరోనా వ్యాధి ప్రబలినపుడు విద్యావంతులైన ఉద్యోగులు లక్షలకొలది ఇంటినుండియే పని చేయవలసివచ్చెను. వంటగది ప్రక్కన కంప్యూటరు పెట్టుకొని, పిల్లవాని ఏడుపు నడుమ పై అధికారితో మాటలాడుచు, పనికి ప్రొద్దుగ్రుంకుట యన్నదే లేదని వారు వాపోయిరి. వారి కష్టము నిజమే. కాని దానికొక గౌరవప్రదమైన పేరు వెంటనే దొరికెను. నెల తిరుగగనే జీతమును వచ్చెను. అదే నెలలలో చీరలు అమ్ముడుపోక ఎన్నియో మగ్గములు నిలిచిపోయెను. వాని యజమానులు తరతరములుగ ఇంటినుండియే పని చేయుచున్నవారు. ఒకే పనితీరునకు ఒకచోట హోదా, ఒకచోట దైన్యము వచ్చుట విచిత్రము గాదా?

ఇంటిలో జరుగు పనిని లెక్కించుటకు ప్రభుత్వము ప్రయత్నించుచునే యున్నది. 1961 జనాభా లెక్కలలోనే గృహపరిశ్రమ అను శీర్షిక ప్రత్యేకముగ ఉండెను. పైన చెప్పిన 2019-20 చేనేత గణనములో నేయువారు 26.73 లక్షలనియు, కండెలు చుట్టుట, పడుగు తీయుట, రంగులద్దుట వంటి అనుబంధపు పనులు చేయువారు 8.48 లక్షలనియు తేలెను. ఈ రెండవ అంకె చిన్నదిగ కనబడును. అయితే "మీరేమి పని చేయుదురు?" అని గణకుడు వాకిట నిలిచి అడిగినపుడు, రాట్నమునుండి చేయి తీయకయే "నేనేమియు చేయుటలేదు, ఇంటిలోనే యుందును" అని చెప్పు స్త్రీ ఆ లెక్కలోనికి ఎట్లు చేరును? 2024లో జరిగిన కాలవినియోగ సర్వేలో జీతము లేని ఇంటిపనులకు, అట్టి పనులు చేయు స్త్రీలు దినమునకు సగటున 289 నిమిషములును, పురుషులు 88 నిమిషములును వెచ్చించుచున్నారని తేలెను. వంట, ఊడ్పు, బట్టలుదుకుట వంటివే ఇందులోనివి. ఆసు దీనిలోనిది గాదు; దీనిపైన చేరునది.

ఆసును గూర్చి చెప్పవలసినది కొంత మిగిలినది. యాదాద్రి భువనగిరి జిల్లా శారాజీపేటలో చింతకింది మల్లేశముగారను నేతపనివారు కలరు. పేదరికముచేత చిన్ననాడే బడి మానవలసివచ్చిన వారాయన. తల్లి లక్ష్మిగారు ఆసు పోసి పోసి భుజము నొప్పితో బాధపడుట చూచుచు పెరిగిరి. ఊరివారు తల్లుల నొప్పిని వానవలె, ఎండవలె సహజమనుకొనుచుండగా, ఆయన దానిని ఒక లెక్కగ చూచెను: చేయి ఎంత దూరము పోవుచున్నది, ఎన్నిమారులు తిరుగుచున్నది, దానిని మోటారు చేయగలదా? ఇంజనీరింగు చదువు లేదు. చేతిలో డబ్బు లేదు. ఏండ్ల తరబడి ఒక భాగము తరువాత ఒక భాగము అమర్చుచు, చెడిన దానిని విప్పి మరల కట్టుచు, 1999లో ఆసు యంత్రమును పూర్తిచేసెను. నాలుగైదు గంటల పని గంటన్నరలో ముగియజొచ్చెను. యంత్రమునకు తల్లి పేరే పెట్టెను. 2017లో భారత ప్రభుత్వము ఆయనను పద్మశ్రీ బిరుదముతో సత్కరించెను.

ఆ యంత్రము భుజము నొప్పిని తగ్గించుటయేగాక, ఎవరును అనుకొనని మరియొక పని చేసినది. గంటన్నరలో ఒక చీర ఆసు ముగియుటచే యంత్రమున్న ఇంటివారికి కాలము మిగిలెను. అంతట వారు ఇరుగుపొరుగు మగ్గములకు గూడ ఆసు పోసి ఇయ్యసాగిరి. పొరుగువారి పని ఊరక చేయుట యుండదు గదా! తన ఇంటి మగ్గమునకు పోసినంతకాలము వెల లేని ఆసు, ప్రక్కింటి మగ్గమునకు పోయగనే వెల కట్టబడెను. అట్టి ఇండ్లలో ఇప్పుడు యంత్రము ప్రక్కన ఒక చిన్న పుస్తకముండును. ఎవరి చీర, ఏనాడు పోసినది, చీరకెంత అను వివరములు అందులో వ్రాసికొందురు.